అడుగుకు ముందే అరిసెలు

మా ఇళ్ళల్లో పిల్లవాడి ఎదుగుదలను పిండివంటలతో కొలుస్తారు. బోర్లాపడితే బొబ్బట్లు, గడప దాటితే గారెలు, అడుగు వేస్తే అరిసెలు. కష్టపడేది వాడు, తినేది మనం. అరిసెల నాడు మాత్రం కాస్త తతంగం ఉంది. చాప మీద కొత్తబట్ట పరిచి, దాని మీద అరిసెలు వరుసగా పేర్చి, పిల్లవాణ్ణి వాటి మీద నడిపిస్తారు. తరవాత వీధిలో ఇంటింటికీ పంచుతారు. ఆ అరిసెలు తేవలసింది తల్లి పుట్టింటివారు. నియమం ఒక్కటే. అడుగు ముందు పడాలి, పాకం తరవాత పట్టాలి. అడుగు పడకుండా పాకం పడితే పిల్లవాడికి అచ్చిరాదని పెద్దల మాట.

ఆ నియమం మా ఇంట్లో తలకిందులైంది. తలకిందులు చేసినవాణ్ణి నేనే గనక చెప్పవలసిన భారమూ నాదే.

నా పేరు ఆదిశేషయ్య. మాది పెడన, నేతపని. వీధిబడిలో మూడో పుస్తకం దాకా చదివాను. నాలుగోది కొనకుండానే మా నాన్న నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టి నా కాళ్ళు దాని కింది గుంటలో పెట్టించాడు. నోటికి మాత్రం ఏ గుంటా తవ్వలేదు గనక అది స్వేచ్ఛగా పెరిగింది. నేను చెప్పే కబుర్లలో సగం నిజముంటుందని మా వీధివాళ్ళు అంటారు. ఏ సగమో నాకూ తెలియదు. నేను నేసిన చీర తుఫానుగాలికి ఎగిరిపోయి బందరు రేవులో ఓడకి తెరచాప అయిందనీ, ఆ ఓడ రంగూను చేరి నేతగాడికి దండాలు చెప్పి పంపిందనీ నేను చెబుతుండగా మా అరుగు మీద హాయిగా నిద్రపోయినవాళ్ళు చాలామంది ఉన్నారు.

అవి యుద్ధం రోజులు, నూలు దొరకడం గగనమైన ఏడు. ఇంట్లో నేను, నా భార్య వెంకటరావమ్మ, కొడుకు సాంబమూర్తి, కోడలు సుబ్బరత్నం, వాళ్ళ కొడుకు చౌడయ్య. మనవడికి మా నాన్న పేరు పెట్టాం. దాంతో ఒక చిక్కు వచ్చింది. మామగారి పేరు నోట పలకకూడదు గనక మా ఆవిడ పసివాణ్ణి కూడా మావయ్యగారనే పిలిచేది. "మావయ్యగారు పక్క తడిపేశారే, ఓ గుడ్డ పట్రా" అని ఆవిడ కోడల్ని కేకేస్తే, ఆ కోడలికి అసలు మావయ్యగారినైన నేను సిగ్గుపడి అరుగు దిగిపోవలసి వచ్చేది.

మా చిన్న చౌడయ్యగారు వేళకి బోర్లాపడ్డాడు, వేళకి గడప దాటాడు. గారెల దాకా ఏ లోటూ చెయ్యలేదు. అక్కడ ఆగిపోయాడు. ఏడాది నిండింది. పద్దెనిమిదో నెల కూడా వచ్చింది. లేచి నిలబడేవాడు, మరుక్షణం చతికిలబడేవాడు. తన కంటే నాలుగు నెలలు చిన్నవాళ్ళు వీధిలో కోళ్ళను తరుముతుంటే, వీడు కూర్చున్నచోటునుంచే చప్పట్లు కొట్టేవాడు.

బావి దగ్గర ఆడవాళ్ళు రోజూ అడిగే మాట ఒకటే, నడిచాడా అని. అడగడంలో చెడ్డ ఉద్దేశం లేదు గాని, రోజూ అడిగితే మంచి మాట కూడా ముల్లే. సుబ్బరత్నం ఎవరూ లేని వేళ చూసి నీళ్ళకి వెళ్ళడం మొదలుపెట్టింది. పేరంటాలకు పోవడం మానేసింది. పొద్దున్నా సాయంత్రమూ వాడి కాళ్ళకి ఆముదం రాసి, ఒక్కొక్క వేలూ పట్టి చూసుకునేది. వాడి కాళ్ళలో ఏదో లోపముందని ఆ పిల్ల మనసులో పడిపోయింది. ఆ మాట పైకి అనలేదు. అంటే నిజమైపోతుందని భయం.

ఇలా ఉండగా గన్నవరంనుంచి సుబ్బరత్నం తల్లి పద్మావతమ్మ కార్డు రాసింది. వాళ్ళది బట్టల కొట్టు. కార్డులో ఏముందయ్యా అంటే, తన కొడుకు కూతురు పదోనెలలోనే నడిచిందనీ, అరిసెలు పంచామనీ, మరి మన పిల్లవాడి సంగతేమిటనీ. ఆ కార్డు విన్న పూట సుబ్బరత్నం అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయింది. నాకు ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల తలెత్తుకోవాలని ఒక కార్డు తీసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇలా రాసి పడేశాను.

"చి. చౌడయ్య మొన్న ఆదివారంనాడు ఏడు అడుగులు వేసినాడు. చేతులు వెనక్కి కట్టుకుని కరణంగారు పొలం చూడబోయినట్టు నడిచినాడు. ఏడో అడుగున ఆగి, మీరు రారా అన్నట్టు మా వైపు చూసినాడు."

రాసేటప్పుడు చాలా బాగా కుదిరిందనుకున్నాను. దాని వెనకాల అరిసెలు బయల్దేరతాయన్న సంగతి ఆ క్షణాన బుర్రకి తట్టలేదు.

శనివారంనాడు జవాబు వచ్చింది. సాంబమూర్తి అందరికీ వినబడేలా చదివాడు. మనవడు నడిచాడని తెలిసి పద్మావతమ్మ సంతోషానికి మేర లేదట. ఉయ్యూరు బెల్లం తెప్పించి నిన్ననే పాకం పట్టించిందట, నూటపదహారు అరిసెలట. గురువారం మంచిది గనక గన్నవరంలో రైలెక్కి, బెజవాడలో మారి, మధ్యాహ్నానికి దిగుతుందట. వీధి ఆడవాళ్ళని సాయంత్రానికి పిలిచి ఉంచమంది.

వాడు చదవడం ఆపేశాడు. నేను చూరు వైపు చూస్తున్నాను. మా ఆవిడ నా వైపు చూస్తోంది. ఆవిడకి ఎవరి పనో చెప్పనక్కరలేదు.

సుబ్బరత్నం పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది. కాపురానికి వచ్చిన మూడేళ్ళలో నా ఎదుట గొంతు ఎత్తి మాట్లాడని పిల్ల. అప్పుడు కూడా ఎత్తలేదు.

"మావయ్యగారూ, మీరు ఓడల మీద చెప్పండి, తుఫానుల మీద చెప్పండి. నా కొడుకు కాళ్ళ మీద చెప్పకండి" అంది.

చెప్పులు వేసుకుని మార్తమ్మ ఇంటికి వెళ్ళాను.

మార్తమ్మ మా పేటలో కాన్పులు చేసే మనిషి. బందరులో దొరసానుల ఆసుపత్రిలో పని నేర్చుకుంది. ఈ పిల్లవాణ్ణి భూమ్మీద పడేసింది కూడా ఆవిడే. వచ్చి, వాణ్ణి చాప మీద పడుకోబెట్టి, మోకాళ్ళు మడిచింది, చాపింది, అరికాళ్ళలో గీరింది. వాడు కిలకిల నవ్వి ఆవిడ కళ్ళజోడు మీద తన్నాడు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, ఇవి గిత్త కాళ్ళు, వీటికేం రోగమని తేల్చింది. తరవాత సుబ్బరత్నాన్ని, రోజంతా వీడు ఎక్కడ ఉంటాడమ్మా అని అడిగింది.

ఎక్కడుంటాడు, నట్టింట్లో గుంజ దగ్గర. నడుముకి పాత చీరపేలిక కట్టి, రెండో కొస గుంజకి ముడివేసి ఉంచుతుంది తల్లి. పని తెమలనప్పుడు పిల్లల్ని అలా కట్టడం మా వీధిలో వింత కాదు. కండెలకి నూలు చుట్టుకునేంతసేపు కట్టి మళ్ళీ విప్పేస్తారు. నేను రోజూ చూస్తూనే ఉన్నాను, గమనించింది లేదు. మార్తమ్మ ఆ పేలిక పట్టుకుని చూసింది. మూరన్నర కంటే లేదు. వాడు కూర్చుంటే వదులుగా ఉంటుంది, లేచి కాలు కదిపితే వెనక్కి లాగుతుంది. గడప దాటిన మర్నాటినుంచీ, అంటే పది నెలలుగా, పొద్దున లేస్తే పడుకునేదాకా వాడికి అదే లోకం.

"ఎందుకమ్మా ఇలా కట్టావు?" అని అడిగింది మార్తమ్మ.

సుబ్బరత్నం చెప్పడం మొదలుపెట్టింది. ఈ ఊళ్ళో పూర్వం ఒక ఇంట్లో పాకే పిల్లవాడు మగ్గంగుంటలో పడ్డాడట. గుంట అడుగున ఊట ఉందట. ఆ ఊటలోనుంచి నేల లోపల్లోపలే కాలవలోకి పోయాడట. నేను కూడా అయ్యో పాపం అనుకుంటూ వింటున్నాను. కాలవలోంచి బందరు లాకుల దాకా కొట్టుకుపోయాడు అనేసరికి గుర్తుపట్టాను. ఆ కథ నాదే.

రెండేళ్ళ కిందట వానాకాలంలో అరుగు మీద చెప్పాను. అసలు కథలో ఆ పిల్లవాడు లాకుల దగ్గర పైకి తేలి, రెండు చేతుల్లో రెండు కొరమేనులు పట్టుకుని నవ్వుతుంటాడు. ఆ కొరమేనుల పులుసు వీధంతా తింటుంది. అయితే సుబ్బరత్నం అప్పుడు వేవిళ్ళతో ఉంది. కథ లాకుల దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుని పెరట్లోకి పరిగెత్తింది. కొరమేనుల దాకా వినలేదు. ఎవరినీ మళ్ళీ అడగనూ లేదు. కొట్టు గలవాళ్ళ ఇంట్లో పుట్టి, బట్ట తప్ప మగ్గం ఎరగని పిల్లకి నట్టింట్లో నడుము లోతు గుంట ఉండడమే భయం. దాని మీద నా కథ పడింది.

అక్కడికక్కడే చెప్పేశాను. అమ్మాయీ, ఆ పిల్లవాడు లేడు, ఆ ఊట లేదు, ఆ కథ నేనే అల్లానని. సుబ్బరత్నం నా ముఖంలోకి చూసి తల అడ్డంగా ఊపింది. నన్ను ఓదార్చడానికి ఇప్పుడిలా అంటున్నారు, ఆ రోజు వానలో మీ గొంతు వణకడం నేను విన్నాను అంది. గొంతు వణికించడం నాకు చిన్నప్పటినుంచీ వచ్చిన విద్య. అదే నా మెడకు చుట్టుకుంది.

మార్తమ్మ సంచీ సర్దుకుంటూ, "ఇన్నాళ్ళూ ఇన్ని అబద్ధాలు నమ్మించారు, ఒక్క నిజం నమ్మించలేరా శేషయ్యగారూ" అంది.

నా వల్ల కాలేదు. సాంబమూర్తే దారి చూపించాడు. వాడు అసలు మాట్లాడేదే తక్కువ, ఇంట్లో నోటి పనంతా నేనే చేస్తాను గనక. మగ్గం మీద చీర సగం నేసి ఉంది. ఆ నూలుకోసం నెల్లాళ్ళు తిరిగాడు. లేచి వెళ్ళి ఆ నేత మీద గుడ్డ కప్పి, అడ్డదారం నడిపే నాడెలు తీసి గూట్లో పెట్టేశాడు.

"గుంటలో నువ్వు కూర్చో నాన్నా. వాడు పడితే నీ ఒళ్ళో పడతాడు. రత్నం, ఇప్పుడు విప్పు" అన్నాడు.

అలా నేను ఆ గుంటకి మూతనయ్యాను. ఆదివారం పొద్దున చల్దన్నం తిని దిగడం, చేతులు రెండు గట్ల మీదా చాపి కూర్చోవడం, మధ్యాహ్నం అన్నం కూడా అక్కడికే తెప్పించుకోవడం. వీధిలో వెళ్ళేవాళ్ళు తొంగిచూసి, మగ్గం ఆడడం లేదు, పొదుగుతున్నారా ఏమిటని అడిగేవాళ్ళు. గురువారానికి పిల్లలవుతాయని చెప్పేవాణ్ణి.

సుబ్బరత్నం పేలిక విప్పింది. విప్పిన చేతిని పిల్లవాడి వీపు మీదనుంచి చాలాసేపు తియ్యలేదు. వాడు మాత్రం కదిలితేనా? మూరన్నర దూరం పాకాడు, ఆగాడు, వెనక్కి వెళ్ళి గుంజకి ఆనుకుని కూర్చున్నాడు. కట్టు లేకపోయినా కట్టు పొడుగే తిరిగాడు. ఆది, సోమవారాలు అంతే. అది చూసి నాకు నవ్వు రాలేదు. ఏది చూసినా నవ్వు పుట్టించుకునే నా కళ్ళల్లోనే నీళ్ళు తిరిగాయి. సుబ్బరత్నం ఎదుట తల దించుకుని, గుంటలో ఏదో పడిపోయినట్టు వెతికాను.

మంగళవారం ఒక బల్లి వాడికి మేలు చేసింది. గోడ వెంట అది పోతుంటే వీడు దాని వెనకాల పాకి, ఆ మూరన్నర దాటిపోయాడు. దాటానని వాడికి తెలియదు. మాకు తెలుసు. మా ఆవిడ, మావయ్యగారు ఎల్ల దాటారమ్మా అని మెల్లగా కోడలికి చెప్పింది. బుధవారం ఇల్లంతా పాకాడు. గోడ పట్టుకుని నిలబడ్డాడు. అడుగు మాత్రం పడలేదు.

గురువారం వచ్చేసింది.

మధ్యాహ్నం రైలుకి పద్మావతమ్మ దిగింది. సాంబమూర్తి తట్ట మోసుకొచ్చాడు. నువ్వుల వాసన, నేతి వాసన ఇంటి నిండా పరుచుకున్నాయి. ఆవిడ గడపలో ఉండగానే నేను గుంటలోనుంచి ఉన్న సంగతి చెప్పేశాను. చెల్లెమ్మా, నేను రాసింది అబద్ధం, పిల్లవాడు ఇంతవరకు ఒక్క అడుగూ వెయ్యలేదు, తప్పు నాది, మీ అమ్మాయిని ఏమీ అనకు అని. ఆవిడ చీరకొంగుతో చెమట తుడుచుకుంటూ పకపక నవ్వింది.

"అన్నయ్యగారి సరసాలు ఎప్పుడూ ఇంతే. గుంటలో కూర్చుని మరీ చెబుతున్నారు" అంది.

సుబ్బరత్నం నిజమేనమ్మా అనబోయింది. కాళ్ళకి నీళ్ళిస్తాను రా అని తల్లిని పెరట్లోకి తీసుకుపోయింది. మా ఆవిడ తోడు వెళ్ళింది, అసలు సంగతి అక్కడ ముగ్గురూ తేల్చుకోవాలని. సాంబమూర్తి చాపలు తేవడానికి పొరుగింటికి పోయాడు. నట్టింట్లో నేనూ, మా నాన్న పేరు పెట్టుకున్న పెద్దమనిషీ మిగిలాం.

మగ్గం ఆగింది గదా అని మా ఆవిడ ఆ నాలుగు రోజులూ నూలు చిలపలకి గంజి పట్టిస్తోంది. గంజి ఉన్న వెడల్పాటి మూకుడు గోడవారగా ఉంది. వాడు పాక్కుంటూ దాని దగ్గరికి పోయాడు. గోడ పట్టుకుని లేచాడు. ఒక కాలు గంజిలో పెట్టాడు. చల్లగా బాగుందేమో, రెండో కాలూ పెట్టాడు. నేను అరవలేదు. అరిస్తే పడతాడు. తరవాత కాళ్ళు బయటపెట్టి, గోడ వదిలేసి, నా వైపు తిరిగాడు. మధ్యలో పట్టుకోవడానికి ఏమీ లేదు, అలికిన నేల తప్ప.

ఒక అడుగు వేశాడు. రెండు. ఆగి పొట్ట ముందుకి పెట్టి నిలదొక్కుకున్నాడు. మూడు. నాలుగోది పడి పడకముందే గట్టు దాటి దబ్బున నా ఒళ్ళో పడ్డాడు.

నా జన్మలో నేను చెప్పిన ఏ కథలోనూ ఇంత చిన్న సంగతి లేదు. ఇంత పెద్దదీ లేదు.

సరిగ్గా అప్పుడు సుబ్బరత్నం పెరటి గుమ్మంలోకి వచ్చింది. చాప ఖాళీగా ఉంది, గుంజ దగ్గర ఎవరూ లేరు, పిల్లవాడి తల గుంటలో కనిపిస్తోంది. పరుగున వచ్చి వాణ్ణి లాక్కుంది. వెనకాలే వియ్యపురాలూ మా ఆవిడా వచ్చారు. నేను చెప్పాను, నడిచాడని, నాలుగు అడుగులని, గోడ దగ్గరనుంచి ఇక్కడిదాకా అని.

పద్మావతమ్మకి పెరట్లో అంతా తెలిసిపోయినట్టుంది. ఇందాకటి నవ్వు లేదు. జాలిగా చూసింది. మా ఆవిడ, ఇక చాలు ఊరుకోండి అంది. సుబ్బరత్నం అసలు నా వైపు చూడనే లేదు. చెప్పినది నిజమైనా ఒట్టు పెట్టుకోవడానికి నా దగ్గర ఒక్క ఒట్టూ మిగల్లేదు, అన్నీ ఓడల మీదా చేపల మీదా ఖర్చయిపోయాయి.

పిల్లవాడి కాళ్ళు తుడుద్దామని మా ఆవిడ కొంగు పట్టి వంగింది. గంజి చూసింది. ఎక్కడ తొక్కాడని మూకుడు వైపు తిరిగింది. తిరిగినది అలాగే ఆగిపోయింది. తరవాత మోకాళ్ళ మీద కూర్చుని, నేల మీద చెయ్యి ఆనించకుండా, వేలితో చూపించింది.

"కోడలా, ఇటు చూడు. పాకిన గుర్తు కాదిది. చేతులెక్కడా ఆనలేదు" అంది.

నల్లగా అలికిన నేల మీద గంజి అడుగులు తెల్లగా ఆరుతున్నాయి. కుడిది, ఎడమది, కుడిది. మధ్యలో రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నచోట వాడు ఆగి నిలదొక్కుకున్నాడు. నాలుగోది గట్టు అంచున సగమే ఉంది. ఐదేసి వేళ్ళు, మినపగింజలంత. సుబ్బరత్నం వంగి ఒకటో దానినుంచి నాలుగో దానిదాకా చూసింది. మళ్ళీ మొదటినుంచి చూసింది. అప్పుడు పిల్లవాణ్ణి దించి నేల మీద నిలబెట్టి, తను మూడు మూరలు వెనక్కి జరిగి కూర్చుని, చేతులు చాపింది. ఏమీ పిలవలేదు. వాడు తల్లిని చూశాడు, నన్ను చూశాడు, ఊగాడు. ఊగి ఊగి బయల్దేరాడు.

వాడు తన ఒళ్ళో పడ్డాక ఆ పిల్ల ఏడ్చింది. ఎంతకాలంనుంచి దాచిపెట్టిన ఏడుపో, మేమెవరం ఊరుకోమనలేదు. పద్మావతమ్మ కూతురి తల నిమురుతూ, పాకం ముందు పట్టినందుకు దోషం పోవాలని అమ్మవారికి మొక్కుకుంది. మా ఆవిడ, పాకం ఎప్పుడు పట్టినా అరిసెలు మన గడప దాటినప్పుడే లెక్క అని తేల్చి, తట్ట దించినది అరుగు మీదే గనక లోపలికి వచ్చినట్టు కాదని తీర్పు చెప్పింది. తట్ట దింపింది వంటింటి గుమ్మంలో. అది నేను కళ్ళారా చూశాను. అయినా నోరు మెదపలేదు.

సాయంత్రం ఆడవాళ్ళందరూ వచ్చారు. మార్తమ్మ కూడా వచ్చింది. కొత్తబట్ట మీద తొమ్మిది అరిసెలు పేర్చారు. మూడింటిని మా వాడు సక్రమంగా తొక్కాడు, నాలుగోది తీసుకుని అక్కడే కూర్చుని తినేశాడు. మిగిలినవి ఎంత బతిమాలినా తొక్కలేదు.

పంచడానికి కోడలు తనే వెళతానంది. ఎన్నో నెలల తరవాత తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, పిల్లవాణ్ణి చంకనేసుకుని వీధిలోకి దిగింది. తట్ట మోసుకుంటూ వెనకాల నేను. ఐదు రోజులు గుంటలో కూర్చున్న కాళ్ళు, సాగడానికి కొంతసేపు పట్టింది. మొదటి ఇంట్లో, ఎన్ని అడుగులు వేశాడని అడిగితే, నాలుగండీ అంది. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఎనిమిదయ్యాయి. వీధి మలుపులో పన్నెండు అయ్యాయి. ప్రతి ఇంట్లోనూ కూర్చుని, మంచినీళ్ళు తాగి, మొదటినుంచీ చెబుతోంది. నేను తట్ట పట్టుకుని గుమ్మంలో నిలబడి వింటున్నాను. చివరి ఇంట్లో ముసలావిడ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని మళ్ళీ అడిగింది.

"ఇరవై అత్తయ్యగారూ. కావాలంటే మా మావయ్యగారిని అడగండి, చూసింది ఆయనే" అంది సుబ్బరత్నం, నా వైపు తిరిగి.

"ఇరవై రెండమ్మా. నువ్వు పెరట్లో ఉన్నావు" అన్నాను నేను.